పద్నాలుగో సంతకం

సమ్మె మొదలై పంతొమ్మిదో రోజు. సుందరరావు పొద్దుటి నుంచి మూడోసారి చేతులు కడుక్కుంటున్నాడు. మోచేతుల దాకా సబ్బు రాసి, గోళ్ల సందుల్లో రుద్ది, నీళ్లు పోసుకుని, వేళ్లు వాసన చూసుకున్నాడు. పోలేదు. ఇత్తడి వాసన.

తార్నాకలో ఆ రెండు గదుల ఫ్లాట్‌లో ఇత్తడి వస్తువే లేదు. చొక్కా జేబులో ఉన్నది చిటికెన వేలంత ప్లాస్టిక్ ముక్క. దాన్ని డాంగిల్ అంటారు, ఆఫీసులో అయితే కీ అంటారు. లాప్‌టాప్‌కి గుచ్చి నాలుగంకెల పిన్ కొడితే డిప్యూటీ తహసీల్దారు ఉమాపతి సంతకం పడుతుంది. కులం, ఆదాయం, నివాసం, ఏ ధ్రువపత్రమైనా సరే. ఇక ప్రజలు ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదని, ఇంట్లోంచే దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఆ ఏడాదే వాళ్ల మండల ఆఫీసులో ప్రయోగంగా పోర్టల్ మొదలుపెట్టారు. ప్రారంభం రోజున ఉమాపతి డాంగిల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని ఫొటో దిగాడు. సాయంత్రం దాన్ని కాంట్రాక్టు ఆపరేటర్ సుందరరావు బల్ల మీద పడేసి, "ఈ కంప్యూటర్ లొల్లి నాతోని కాదు సుందర్రావ్. నువ్వే కొట్టు" అని వెళ్లిపోయాడు. పిన్ ఏం పెట్టాలో కూడా చెప్పలేదు.

అప్పుడు సుందరరావుకి తోచిన నాలుగంకెలు 2164. తండ్రి బిళ్ల నంబరు.

తండ్రి మచిలీపట్నం నుంచి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. పొద్దున గేటు దగ్గర ఎవరి ఇత్తడి బిళ్ల వాళ్లు డబ్బాలో వెయ్యాలి. బిళ్ల పడితే మనిషి పనిలోకి వచ్చినట్టు. ఓసారి తండ్రికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పరిగెత్తుకెళ్లిన ఎనిమిదేళ్ల సుందరరావు ఆయన అరచేతిలో రెండు బిళ్లలు చూశాడు. రెండోది ఫోర్‌మన్ బావమరిదిది. ఆ మనిషి నాలుగేళ్లుగా వర్క్‌షాపు మొహం చూడలేదు. "మనకెందుకురా. వెయ్యమన్నాడు, వేస్తున్నా" అన్నాడు తండ్రి. అదే చేత్తో కొడుకు బుగ్గ నిమిరాడు. ఆ వాసన చాన్నాళ్లు ముక్కులోంచి పోలేదు. పోయిందనుకున్న వాసన ముప్పై మూడేళ్ల తరవాత, సమ్మె మొదలైన వారానికి తిరిగొచ్చింది.

ఫోన్ మోగింది. ఉమాపతి.

వెనక డప్పులు. సమ్మె శిబిరం నుంచే చేస్తున్నాడు. ఆఫీసు గేటుకి ఎదురుగా గులాబీ గుడ్డల పందిరి, దాని కింద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మెలో ఉన్న ఉద్యోగులు. ఉమాపతి వాళ్లకి నాయకుడు.

"సుందర్రావ్, టిఫిన్ అయ్యిందా? నంబర్ రాస్కో. ఒక్కటే. అర్జంట్ ఉన్నది."

"సమ్మె కదండీ."

"అరె, గది నాకెరుకలేదా? మనోళ్లది. రాస్కో. డబల్ సెవెన్, జీరో…" అని ఆగి, ఫోన్ కొంచెం పక్కకి పెట్టి, "జై తెలంగాణ!" అని గొంతు చించుకుని, మళ్లీ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని, "జీరో, ఫోర్. వింటున్నవా?"

"వింటున్నాను సార్."

భార్య హెలెన్ రోజూ చర్చి క్యాలెండరులోంచి ఒక కాగితం చింపి ఫ్రిజ్ మీద పెడుతుంది. సుందరరావు ఆ కాగితాల వెనకే నంబర్లు రాస్తున్నాడు. ఇది పదమూడోది. లాప్‌టాప్ తెరిచాడు, డాంగిల్ గుచ్చాడు, 2164 కొట్టాడు. తెర మీద చిన్న చక్రం గిరగిరా తిరిగింది. ఆమోదించబడింది. ఆ పక్కనే పెండింగ్ సంఖ్య. రెండు వందల ఆరు ఉన్నది రెండు వందల అయిదయింది.

సుందరరావు లేచి మళ్లీ కుళాయి తిప్పాడు.

"చర్మం ఊడిపోతుందండీ" అంది హెలెన్. ఆవిడ తెనాలి వైపు మనిషి, చర్చి బడిలో టీచరు. సమ్మెకి బడీ మూసేశారు. "ఆ పని నచ్చకపోతే చెయ్యనని చెప్పొచ్చుగా."

"చెప్తే?"

కాంట్రాక్టు మార్చిలో అయిపోతుంది. మళ్లీ రాయాల్సింది ఉమాపతే. పైగా ఈ రోజుల్లో, ఈ ఇంటిపేరుతో, ఈ యాసతో.

*

బస్సుల్లేవు. సుందరరావు యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచాడు. చెట్ల కింద పోలీసు వ్యాన్లు వరసగా ఆగి ఉన్నాయి, కానిస్టేబుళ్లు పులిహోర పొట్లాలు విప్పుకుంటున్నారు. మొన్నటి బాష్పవాయువు ఘాటు ఆకుల్లో ఇంకా ఉన్నట్టు కళ్లు మండాయి. ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల దగ్గర ఎంకన్న కనిపించాడు.

ఎంకన్న దేవరకొండ వైపు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి. సమ్మెకి ముందు వారానికి రెండు రోజులు మండల ఆఫీసు వరండాలో కూర్చుని, మాణికేశ్వర్ నగర్ బస్తీ నుంచి వచ్చే ముసలివాళ్లకి ఫారాలు నింపిపెట్టేవాడు. "ఇంట్లనే కూసొని అప్లై చేస్కోవాల్నంట. ఇంట్ల కరెంటే లేదు" అని నవ్వేవాడు. ఆరు నెలల కింద లాఠీ తగిలి ఎడమ మోకాలు వంగదు. అందుకని మెట్టు మీద కాలు చాపి కూర్చున్నాడు.

"సుందరన్నా, జర చెప్పు. నా ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఏమైనా కదిలిందా? పొద్దుగాల చూస్తె అధికారి దగ్గర పెండింగ్ అని వస్తున్నది."

"ఎప్పటికి కావాలి?"

"శుక్రారం అయిదింటికి. ఫెలోషిప్ పోర్టల్ల పెట్టాలె. పెట్టకుంటె ఈ ఏడు పోయినట్టే. హాస్టల్ల కూడా ఉంచరు." ఆ మాట అని వెంటనే చెయ్యి ఊపాడు. "ఊకె అడిగిన గంతే. నువ్వేం జేయకు. ఎవ్వలియీ అయితలేవు గద?"

సుందరరావు చెట్టు వైపు చూశాడు.

"నాకంటె ముందు లింగమ్మది ఉన్నది. మా మెస్సుల గిన్నెలు తోముతది చూడు, ఆమె. బిడ్డను హాస్టల్ల ఏయనీకె పెట్టుకున్నది. నేనే నింపిన ఫారం. ఆమెదయినంక నాది. అందరియి ఆగితె నాది ఆగనీ అన్నా. సమ్మె అంటె గట్లనే ఉండాలె."

"ఒకవేళ…" అన్నాడు సుందరరావు.

"ఒకవేళ ఏంది?"

"ఏం లేదు."

ఆ క్షణంలో చెప్పాల్సిన మాట ఒకటే. 'పదమూడు అయ్యాయి ఎంకన్నా.' అది నాలుక మీదికి వచ్చి కూర్చుంది కూడా. కానీ ఎంకన్న మొహంలో ఒక తేటదనం ఉంది. తాను కోల్పోబోతున్నది అందరితో పాటు కోల్పోతున్నాననే తేటదనం. దాన్ని తన నోటితో మురికి చెయ్యలేకపోయాడు. లేదా భయపడ్డాడు. ఇంటికి నడుస్తూ రెంటిలో ఏదో తేల్చుకోవాలని చూశాడు. తేలలేదు. తనలోకి తొంగి చూసుకునే అలవాటు అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. ఏం లాభం? కనిపించిన దాన్ని మార్చడం అతనికి ఎన్నడూ చేతకాలేదు.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాడు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఎవరూ నంబరు చెప్పలేదు. ఎంకన్న దరఖాస్తు నంబరు అతనికి కంఠతా వచ్చు. 2164. చక్రం తిరిగింది. పద్నాలుగోది.

పదమూడు సార్లు మురికైన వేలు ఒకసారి మంచిపని చేస్తే శుభ్రపడుతుందనుకున్నాడు. నిజంగానే రెండు నిమిషాలు హాయిగా అనిపించింది. వేళ్లు వాసన కూడా చూసుకోలేదు. తరవాత పెండింగ్ జాబితా తెర మీద ఉండిపోవడం గమనించాడు. మొదటి వరసలో లింగమ్మ. ఆమెని దాటుకుని కింద ఉన్నవాడిని ఏరుకున్నాడు. ఎందుకు? తనకి తెలిసినవాడు గనక. తనకి నచ్చినవాడు గనక. ఉమాపతి చేసిందీ అదే. లింగమ్మ నంబరు మీద బాణం గుర్తు పెట్టాడు. నొక్కితే పదిహేనవుతాయి. ఆ తరవాత రెండు వందల మూడు. ఎక్కడ ఆపాలి? లాప్‌టాప్ మూసేశాడు.

*

గంట గడవకముందే ఉమాపతి ఫోన్. ఈసారి డప్పులు లేవు.

"శిబిరం కాడికి రా. ఇప్పుడే."

సుందరరావు మర్చిపోయిన సంగతి ఒకటుంది. సంతకం పడగానే పోర్టల్ దానంతట అదే దరఖాస్తుదారుడి ఫోన్‌కి సందేశం పంపిస్తుంది. ఉమాపతి మనుషులు ఆ సందేశాన్ని గుట్టుగా దాచుకున్నారు. ఎంకన్న శిబిరంలో అందరి మధ్యా కూర్చుని ఉన్నాడు. దాచుకోవడం అతనికి తట్టలేదు. తిన్నగా ఉమాపతి దగ్గరికి వెళ్లి చూపించాడు. "సార్, మీ సంతకం తోని వచ్చింది. ఏదో తప్పయినట్టున్నది."

"వెళ్లకండి" అంది హెలెన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి. "మనల్ని అనడానికి వాళ్లకి ఒక్క మాట చాలు. ఆ మాట మీ నోటితో వాళ్ల చేతికిస్తారా?"

"వెళ్లకపోయినా అంటారు" అన్నాడు. ఫ్రిజ్ మీంచి క్యాలెండరు కాగితాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. డాంగిల్ పక్కనే.

పందిరి కింద నలభై మంది దాకా ఉన్నారు. ఉమాపతి మైకు అందుకున్నాడు. తెల్ల చొక్కా, మెడలో గులాబీ కండువా, మొహంలో నిజమైన బాధ. సుందరరావుని ఎక్కువ భయపెట్టింది ఆ బాధే. ఆ మనిషి నటించడం లేదు. తాను చెప్పేది తాను నమ్ముతున్నాడు.

"ఇగో, చూడుండ్రి. నేను నమ్మి కీ ఇచ్చిన మనిషి. మనం గీడ ఎండల కూసొని కొట్లాడుతుంటె, ఇంట్ల కూసొని నా సంతకం దొంగతనం జేసిండు. ఇగ గీ పోరడు, మన ఉద్యమంలనే తిరుగుతడు, ఎన్క నుంచి గాయన తోని పని జేయించుకుంటడు!"

"ఆంధ్రోడు గట్లనే జేస్తడు" అన్నారెవరో.

"ఏ, ఊకో భయ్. లాలాగూడల పుట్టిండు ఆయన. వాళ్ల నాయిన మా నాయినతోని ఒక్క షాపుల పని జేసిండు" అన్నాడు ఇంకొకాయన.

"పుడితె? పిల్లి పొయ్యిల పుడితె రొట్టె అయితదా?"

నవ్వులు. ఎంకన్న నవ్వలేదు. లేచి, ఎడమకాలు ఈడ్చుకుంటూ సుందరరావు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నిన్ను ఎవలు జేయమన్నరు? నేను వద్దన్న గదా."

"ఎవరూ చెయ్యమనలేదు" అన్నాడు సుందరరావు. మైకు లేకపోయినా గొంతు అందరికీ వినిపించింది. "ఎవరూ చెయ్యమనకుండా చేసింది నీదొక్కటే. మిగతా పదమూడు చెయ్యమంటే చేశాను."

కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. ఒకవైపు తేదీలు, రెండోవైపు నంబర్లు. దరఖాస్తు నంబరు కొడితే ఎవరైనా, ఎక్కడ నుంచైనా స్థితి చూసుకోవచ్చని పోర్టల్ ప్రారంభం రోజున ఉమాపతే ఇదే గేటు ముందు చెప్పాడు. ఒక లెక్చరర్ దగ్గర లాప్‌టాప్ ఉంది. ఎంకన్న మొదటి నంబరు కొట్టాడు. చక్రం తిరుగుతూ ఉంది. నలభై మంది ఆ చక్రాన్నే చూస్తున్నారు. ఎండకి తెర సరిగ్గా కనిపించక ఒకాయన కండువా అడ్డం పట్టాడు.

ఆమోదించబడింది. సమ్మె ఆరో రోజు. ఆపరేటర్ గుర్తింపు, సుందరరావుది. సంతకం, ఉమాపతిది. దరఖాస్తుదారుడి పేరుని ఎంకన్న పైకి చదివాడు.

"అరె, సార్ బామ్మర్ది కొడుకు గదా!" అని అటెండరు వీరస్వామి నోరు జారి, చప్పున నాలుక కరుచుకున్నాడు.

రెండో నంబరు. మూడోది. నాలుగోది చదివేసరికి తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆ పేరు గల మనిషి అక్కడే రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. కూతురి కోసం ఆ ధ్రువపత్రం తెచ్చుకున్నాడు. తల దించుకుని చెప్పులు వెతుక్కోసాగాడు.

ఉమాపతి మళ్లీ మైకు అందుకున్నాడు. గొంతు కొంచెం కూడా వణకలేదు. "సర్వర్ల ఏదో మతలబున్నది. గా సర్వర్ ఎవ్వని చేతుల ఉన్నదో అందరికి ఎరుకే. సమ్మెను చెడగొట్టనీకె కుట్ర ఇది!"

కొందరు చప్పట్లు కొట్టారు.

సుందరరావు ఆ చేతుల వైపు చూశాడు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లకి నిజం తెలుసు. ఇప్పుడే కళ్లతో చూశారు. అయినా చేతులు వాటంతట అవే లేచాయి, కీ ఇచ్చిన బొమ్మ చేతుల్లా. తన వేలు కూడా అలాగే లేచింది పదమూడు సార్లు. వాళ్లని అసహ్యించుకోవడానికి తనకి మిగిలిన చోటు ఎంత అని వెతుక్కున్నాడు. నిలబడేంత కూడా లేదు.

"నాది తీసెయ్ అన్నా" అన్నాడు ఎంకన్న.

"తీసెయ్యడం నా చేతిలో లేదు. ఒకసారి ఆమోదిస్తే అంతే. రద్దు చెయ్యాలంటే పై ఆఫీసు నుంచి చెయ్యాలి. పై ఆఫీసూ సమ్మెలో ఉంది."

"కాయిదమైతె గీడనే చింపి పారేద్దును" అన్నాడు ఎంకన్న. రెండు చేతులూ ముందుకు చాచి, లేని కాగితాన్ని పట్టుకున్నట్టు చూసుకున్నాడు. "దీన్ని ఎట్ల చింపాలె?"

సుందరరావు డాంగిల్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మీది సార్. తీసుకోండి."

"నాకెందుకు? దొంగ సొత్తు. నేను ముట్ట" అన్నాడు ఉమాపతి.

లెక్చరర్ తన లాప్‌టాప్‌ని నాలుగంగుళాలు వెనక్కి జరుపుకున్నాడు. ఎవరూ డాంగిల్ వైపు చెయ్యి చాపలేదు. చాయ్ గ్లాసుల పళ్లెం వచ్చింది. పెట్టడానికి చోటు కోసం వీరస్వామి జేబులోంచి పెన్ను తీసి, దాని కొసతో డాంగిల్‌ని బల్ల అంచుకి తోశాడు, చచ్చిన బొద్దింకని తోసినట్టు.

పందిరి గుంజ దగ్గర నీళ్ల బిందెతో ఒకామె అప్పటిదాకా నిలబడి ఉంది. హాస్టల్ మెస్సు నుంచి శిబిరానికి రోజూ నీళ్లు మోస్తుంది. ఆమెకి ఈ గొడవలో ఒక్క ముక్కే అర్థమైంది, కొందరికి కాగితాలు వచ్చాయని. బిందె దించి, కొంగు సర్దుకుని, బల్ల దగ్గరికొచ్చింది.

"సారూ, లింగమ్మ అని ఉన్నది చూడుండ్రి. నాదయ్యిందా మరి?"

ఉమాపతి మైకు స్విచ్ వెతుక్కున్నాడు. లెక్చరర్ తెర వైపు చూశాడు. ఆమె ఒక్కొక్క మొహమే చూసుకుంటూ చివరికి సుందరరావు దగ్గర ఆగింది.

"కాలేదమ్మా" అన్నాడు సుందరరావు.

"పోనీ తియ్. పిల్లగానిదన్న అయ్యింది" అంది లింగమ్మ ఎంకన్న భుజం తట్టి. ఆ దెబ్బకి ఎంకన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. లాఠీ దెబ్బకి తిరగలేదని అందరూ చెప్పుకునేవారు.

*

శుక్రవారం మధ్యాహ్నం నుంచీ సుందరరావు తార్నాక చౌరస్తా దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నాడు. ఆఫీసు లాప్‌టాప్‌ని నిన్ననే వీరస్వామి వచ్చి పట్టుకుపోయాడు. ఇక రావద్దన్నారని గుమ్మం బయట నిలబడి, చెప్పులు చూసుకుంటూ చెప్పాడు.

ఫెలోషిప్ పోర్టల్‌లో ఎంకన్న ఫెలోషిప్ నంబరు కొట్టాడు, అతని ఆదాయ దరఖాస్తులో రాసి ఉన్నదే. ఆదాయ ధ్రువపత్రం: సమర్పించలేదు. పావుగంటకోసారి మళ్లీ కొట్టాడు. నాలుగున్నరకి కొట్టాడు. అయిదుకి పదినిమిషాల ముందు కొట్టాడు. ఎక్కడో హాస్టల్ గదిలో ఎంకన్న ఇదే పేజీ ముందు కూర్చుని ఉంటాడా, లేక అసలు తెరవనే లేదా? ఒక్క మీట నొక్కితే చాలు. 'నొక్కు' అని మనసులో బతిమాలాడు. మరుక్షణం ఆ బతిమాలడం ఎందుకో కనిపించింది. ఎంకన్న నొక్కితే తన తప్పు సగమవుతుంది. అంతే. ఆ పిల్లవాడి ఏడాది కాదు, తన నిద్ర.

అయిదు దాటింది. గడువు ముగిసింది అని ఎర్ర అక్షరాలు పడ్డాయి.

లేచి బయటికొచ్చేసరికి ఫోన్ మోగింది. డప్పుల చప్పుడు. మళ్లీ మామూలే అన్నట్టు మోగుతున్నాయి.

"సుందర్రావ్" అన్నాడు ఉమాపతి, ఏమీ జరగనట్టే. "గా కీ నా దగ్గరనే ఉన్నది. ఒక అర్జంట్ కేసున్నది, పెద్దోళ్లది. పిన్ ఏందో చెప్పు జర. నాకు యాదికి లేదు."

ఆయనకి యాదికి లేకపోవడం కాదు. ఎన్నడూ తెలియదు. తన సంతకం తనకి తెలియని మనిషి, ఆ సంతకం కోసం సుందరరావుకి ఫోన్ చేస్తున్నాడు.

"మర్చిపోయాను సార్."

"అరె, దినాం కొట్టెటోనివి, ఎట్ల మర్చిపోతవ్? కాంట్రాక్ట్ సంగతి మనం మాట్లాడుకుందాం తియ్. నువ్వు నాకు తమ్ముని లెక్క. చెప్పు."

"మూడుసార్లు తప్పు కొడితే అది మూసుకుపోతుంది సార్. కొట్టి చూడండి."

ఫోన్ పెట్టేశాడు. అది మూసుకుపోతే కొత్తది రావడానికి నెల పడుతుంది. ఆ నెలంతా, సమ్మె ఆగినా, లింగమ్మది కూడా ఆగుతుంది. ఆ సంగతి నోటి నుంచి మాట పడకముందే అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

పక్కన చాయ్ హోటల్ బయట నీళ్ల డ్రమ్ము ఉంది. సుందరరావు దాని దగ్గర ఆగాడు. మగ్గు అందుకోబోయి, వదిలేసి, కుడిచేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని ఇంటి వైపు నడిచాడు.